పెడల్ చెప్పే మాట

మన నెల్లూరు తీరాన ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల గుంటలు ఉన్నాయి. పట్టిన రొయ్యల్ని ఐసులో పెట్టి లారీకి ఎత్తుతారు. దారిలో లారీ మొరాయిస్తే ఐసు కరుగుతుంది. సరుకు చెడుతుంది. రైతు కష్టం నీళ్లపాలవుతుంది.

కొత్త లారీ ఒక్కోసారి ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. "ఏందన్నా, బండి లాగటం లేదు?" అంటాడు క్లీనరు. ఎందుకలా జరుగుతుంది? తెలుసుకుందాం.

పాత లారీ, కొత్త లారీ

పాత లారీలో పెడల్‌కు కేబులో, కడ్డీనో ఉండేది. పెడల్ తొక్కితే అది డీజిల్ పంపును కదిలించేది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త బండ్లకు బి.ఎస్.-6 నియమం వచ్చింది. పొగ తగ్గాలని పెట్టిన నియమం ఇది. ఈ లారీల్లో డీజిల్‌ను కొలిచి పంపేది చిన్న కంప్యూటరు. దాన్ని ఇ.సి.యు. అంటారు. పెడల్ నుంచి దానికి వైర్లే పోతాయి.

పెడల్ దగ్గర సెన్సారు ఉంటుంది. ఇ.సి.యు. దానికి 5 వోల్టుల కరెంటు ఇస్తుంది. కాలు తీస్తే తక్కువ వోల్టులు తిరిగి వస్తాయి. తొక్కేకొద్దీ వోల్టులు పెరుగుతాయి. ఆ లెక్క చూసి ఇ.సి.యు. డీజిల్ పంపుతుంది.

ఇద్దరు సాక్షులు

ఒక్క సెన్సారునే నమ్మితే ప్రమాదం. అది తప్పు చెబితే, కాలు తీసినా లారీ పరుగెత్తవచ్చు. అందుకే రెండు సెన్సార్లు పెడతారు. చాలా పెడళ్లలో రెండోది మొదటిదానిలో సగం చెబుతుంది. మొదటిది 2 వోల్టులంటే, రెండోది 1 వోల్టు అనాలి.

ఇద్దరి మాట కలవకపోతే ఇ.సి.యు. నమ్మదు. డ్రైవరు ముందు దీపం వెలిగిస్తుంది. డీజిల్ తగ్గిస్తుంది. లారీ మెల్లగానే పోతుంది. ఇది బండి మొండితనం కాదు. మన ప్రాణాలకు కాపలా.

మనం ఏం చేయాలి?

తీరంలో ఉప్పు గాలి ఎక్కువ. వైర్లు కలిసే చోట ఉప్పు తడి చేరితే చిలుము పడుతుంది. అప్పుడు వోల్టులు తప్పుగా పోతాయి. కాబట్టి:

1. క్యాబిన్ లోపల పైపుతో నీళ్లు కొట్టకండి. గుడ్డతో తుడవండి.

2. స్విచ్చి వేయగానే ఇంజను దీపం వెలగాలి. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోడు ఎత్తకముందే మెకానిక్‌కు చూపించండి.

3. దారిలో వెలిగితే, బండిని రోడ్డు పక్కకు తీసి ఆపండి. మెకానిక్‌ను పిలవండి.

4. వైర్లు కోసి కలపకండి. అది సాక్షి నోరు నొక్కినట్టే.

5. మెకానిక్ మిషను పెట్టి చూస్తే తప్పు నంబరు కనిపిస్తుంది. దాన్ని మీ చేత్తో రాసుకోండి. మళ్లీ అదే తప్పు వస్తే ఆ కాగితం పనికొస్తుంది.

చెప్పండి, రాయండి

1. పెడల్‌కు రెండు సెన్సార్లు ఎందుకు?
2. మొదటిది 3 వోల్టులంటే, రెండోది ఎంత చెప్పాలి?
3. మీ ఊళ్లో ఉప్పు గాలికి ఏయే వస్తువులు పాడవుతున్నాయి?