నింపిన ఫారం ఎక్కడ ఆగింది?

పోయిన ఖరీఫ్ ముందు, మా ఊళ్ళో ఎవరికెన్ని బస్తాల వరి విత్తనం కావాలో రాసుకునేందుకు ఒక వెబ్ ఫారం తయారుచేశాను. మావాడు కంప్యూటరు చదువుతున్నాడని నాన్న నలుగురిలో చెప్పేశాడు. తప్పించుకునే దారి లేకపోయింది. మొదటి సాయంత్రం పదకొండు మంది నింపారు. రాత్రి సర్వరులో చూద్దును గదా, ఒక్క పేరూ లేదు!

"మడికి నీళ్ళు రాకపోతే గట్టున కూర్చుంటే ఏం లాభంరా? తూము దగ్గర్నుంచి కాలవెంట నడుచుకుంటూ రా" అన్నాడు నాన్న. ఆయనకు జావాస్క్రిప్టు తెలీదు గానీ, మిత్రులారా, పద్ధతి అదే.

బ్రౌజరులో ఎఫ్ 12 నొక్కితే నెట్‌వర్క్ అనే భాగం ఉంటుంది. కబురు బయల్దేరిందా, అందులో ఏముంది, ఏ జవాబొచ్చింది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. నేను సబ్మిట్ నొక్కగానే పేజీ గభాల్న మొదటికొచ్చింది. అది బ్రౌజరుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ప్రివెంట్‌డిఫాల్ట్‌తో దాన్ని ఆపకపోతే మన ఫెచ్ సగంలోనే తెగిపోవచ్చు. గడులు ఖాళీ అయ్యేసరికి మా రైతులు చేరిందనే అనుకున్నారు పాపం.

అది దిద్దాక "చేరింది, ధన్యవాదాలు" అని తెరమీద కొచ్చింది. సంబరపడబోయాను. నెట్‌వర్క్‌లో చూస్తే ఎర్రగా 500! సర్వరు ఏదో ఒక జవాబిస్తే చాలు, అది 404 అయినా 500 అయినా ఫెచ్‌కు గెలుపే. జవాబులోని 'ఓకే' నిజమా కాదా అని మనమే అడగాలి. ఇది తెలియకే నాకు ఒక పూట పోయింది.

పంపిన సరుకు చూస్తే ఉత్త కవరు. ఫార్మ్‌డేటా 'నేమ్' ఉన్న గడుల్నే తీసుకుంటుంది. నేను 'ఐడి' ఇచ్చి ఊరుకున్నాను. 'డిసేబుల్డ్' గడుల్నీ అది వదిలేస్తుంది.

అయినా 500 పోలేదు. అసలు గండి నా అతితెలివిలో ఉంది. కంటెంట్‌టైప్ అనే శీర్షికలో మల్టీపార్ట్ అని చేత్తో రాశాను. మల్టీపార్ట్‌లో గడికీ గడికీ మధ్య బౌండరీ అనే హద్దురాయి ఉంటుంది. బ్రౌజరు దాన్ని తనే కల్పించి శీర్షికలో చేరుస్తుంది. మనం రాస్తే హద్దు చెప్పినట్టు కాదు. ఏ చెక్క ఎవరిదో సర్వరుకు తెలీదు. ఆ లైను కొట్టేశాను. (జేసన్ పంపేటప్పుడు మాత్రం శీర్షిక మనమే రాయాలి.)

మర్నాడు పదకొండిళ్ళకూ మళ్ళీ తిరిగాను. పదిమంది నింపారు. చివరి తాతగారు మాత్రం, "కాగితం మీద రాసుకోరా అబ్బాయ్, ముందు మూడు బస్తాలు" అన్నాడు.