పశువైద్యమనగా నేమి?



పశువైద్యమనగానే మనకు తోచునది సూదిమందు, లేదా వెదురు గొట్టముతో పోసెడి కషాయము. ఎద్దు మేత మానినపుడు, గేదె ఈనలేక బాధపడునపుడు మాత్రమే ఆసుపత్రి గుర్తు వచ్చును. కాని చికిత్స ఆ శాస్త్రములో ఒక పాలు మాత్రమే. చూడి పరీక్ష, మేతలోని లోపములు, గొఱ్ఱెలకు నట్టల నివారణ, కబేళాలో మాంస పరీక్ష, ఇవన్నియు పశువైద్యుని పనులే. వీనన్నిటికంటె పెద్దపని రోగము రాకుండ ఆపుట.

ముసర వ్యాధి పేరెత్తిన పెద్దలు ఇప్పటికిని నిట్టూర్చుదురు. దొడ్లకు దొడ్లే ఖాళీచేసిన ఆ రోగము 2011లో భూమిమీదనే లేకుండ పోయినట్లు ప్రకటింపబడినది. అది మందుతో పోలేదు. టీకాలు వేసి, రోగపు జాడను ఊరూర వెదకి పట్టుటవలన పోయినది.

దొమ్మ రోగము అట్లు పోలేదు. సాయంత్రము వరకు మేసిన పశువు తెల్లవారుసరికి చచ్చి పడియుండును. ముక్కునుండి, ఆసనమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కారును, కళేబరము త్వరగా ఉబ్బును. అట్టిదానిని తోలుకొరకు కోయకుడు, మాంసము పంచుకొనకుడు. చచ్చిన పశువు ఎటులను దక్కదు, తోలైన దక్కనిమ్మని తలచుట సహజమే. కాని కోసినచో లోని సూక్ష్మజీవులు గాలి సోకి, గట్టి పెంకుగల బీజములుగా మారి, ఆ నేలలో దశాబ్దముల తరబడి నిలిచియుండును. మీ మనుమల పశువులు అచట మేసి చావవచ్చును. కోసినవాని చేతిపై నల్లని పక్కుగల పుండు లేచును. చికిత్స ఆలస్యమైనచో ప్రాణాపాయము.

పశువైద్యుడు వచ్చి చెవి నరమునుండి ఒక రక్తపుచుక్క గాజుపలకపై తీసి పరీక్షించును. కోయనక్కరలేదు. కళేబరమును ఈడ్చుకొనిపోక, బావులకు, వాగులకు దూరముగ ఆరడుగుల గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. రక్తము తడిసిన మట్టిని, గడ్డిని కూడ అందులోనే వేయవలెను.

గ్రామాధికారులకు ఒక మాట. 2009 నాటి చట్టము ప్రకారము అంటురోగపు అనుమానము కలిగిన యజమాని మీకు గాని, పంచాయతీకి గాని తెలుపవలెను. మీరు ఆ సంగతిని సమీప పశువైద్యునికి వ్రాసి పంపవలసియుండును. కబురు ఒక్కదినము ఆలస్యమైన ఆ మాంసము ఇల్లిల్లు చేరిపోవును.

దొమ్మ కనబడిన ఊళ్లలో ఏటేట, రోగకాలమునకు ఒక నెల ముందుగా టీకా వేయించుడు. పశువుకు అప్పుడే వేరు మందులేవైన ఇచ్చియున్నచో, టీకా వేయువారికి ముందుగా చెప్పుడు. కొన్ని మందులు టీకాను పనిచేయనీయవు.