మంచులో పాల బండి: ఫాగ్ లైట్లను గోడ మీద సరిచూసే పద్ధతి

చలికాలంలో బాల్కొండ ప్రాంతపు సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు పాల కొలత, వెన్న శాతం, బకాయిలు అయిన తర్వాత మా ముందుకు వచ్చే మాట రోడ్డు గురించే. గోదావరి, శ్రీరాంసాగర్ జలాశయం దగ్గరలోనే ఉన్నాయి. కాలువల కింద పొలాలు తడిగా ఉంటాయి. ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రి నేల త్వరగా చల్లబడి, తడిగాలి నేల దగ్గరే మంచుగా నిలుస్తుంది. తెల్లవారుజామున పాల బండి బయలుదేరే వేళ సరిగ్గా అదే. అందువల్ల చాలా బండ్లకు ఫాగ్ లైట్లు విడిగా కొని బిగిస్తున్నారు. మంచిదే. కాని బిగించిన తర్వాత ఆ వెలుగు ఎక్కడ పడుతున్నదో చూసినవారు మాకు తక్కువగా కనిపించారు.

ఒక సంఘంలో జరిగింది చెప్పుతాము. రెండు ఫాగ్ లైట్లు, ఒక రిలే, బిగింపు కూలి అని ఓచరు ఉంది. పాలకవర్గ తీర్మానం ఉంది, సంతకాలు ఉన్నాయి. మేమూ టిక్కు పెట్టి పేజీ తిప్పాము. బండి దగ్గరికి వెళ్లి చూడలేదు. తర్వాత కొద్ది రోజులకే ఆ లైట్లు కళ్లలో పడి, ఎదురుగా సైకిలు మీద క్యాన్లతో వస్తున్న సభ్యుడొకాయన రోడ్డు దిగి గుంతలో పడ్డాడు. మోచేయి విరిగింది. ఒలికిపోయిన పాలు ఆ బండికే పోయడానికి తెస్తున్నవి. డ్రైవరును అడిగితే, "సార్, లైట్లు కొత్తయే. గని మంచుల ఎదురుంగ తెల్ల పరదా కట్టినట్టయితది. తొవ్వ కానొస్తలేదు" అన్నాడు.

అతడు చెప్పింది నిజమే. మంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బొట్లు. పైకి పోయే వెలుగు ఆ బొట్లకు తగిలి తిరిగి డ్రైవరు కళ్లలోకే వస్తుంది. ఫాగ్ లైటు పని దూరం చూపడం కాదు. వెలుగును వెడల్పుగా, పలుచగా, కిందికి పరచి రోడ్డు అంచును చూపడం. పూర్వం ఎడ్లబండి ఇరుసు కింద లాంతరు వేలాడదీసుకొని రాత్రి ప్రయాణం చేసేవారు. దీపం కంటికి దూరంగా, నేలకు దగ్గరగా ఉండేది. ఫాగ్ లైటును బంపరు దగ్గర కిందికి బిగించడంలో సూత్రమూ అదే. హెడ్‌లైటు కంటె పైన దానిని బిగించరాదు. క్యాబిన్ నెత్తిన పెట్టే ఎల్.ఇ.డి. పట్టీలు ఎంత వెలుగిచ్చినా ఫాగ్ లైట్లు కావు.

మేము ఆ బండిని సేకరణ కేంద్రం గోడకు ఎదురుగా నిలబెట్టి చూశాము. సభ్యులు తమ సంఘంలోనూ ఇట్లాగే చూడవచ్చు. కావలసినవి టేపు, సుద్దముక్క, పానా. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే బండి నిలిచే నేల, గోడ మొదలు ఒకే మట్టంలో ఉండాలి. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. లైటు అద్దం నుండి గోడకు 10 మీటర్లు ఉండేటట్టు బండిని గోడకు తిన్నగా నిలపండి. నేల నుండి లైటు నడిబొడ్డు వరకు ఎత్తు కొలిచి, అదే ఎత్తున గోడ మీద అడ్డంగా ఒక గీత గీయండి. దానికి 20 సెంటీమీటర్ల కింద రెండవ గీత. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు ఆర్పి, ఒక్కొక్క ఫాగ్ లైటునే వెలిగించి, రెండవదాని మీద గోనెపట్టా కప్పి చూడండి. మంచి ఫాగ్ లైటు వెలుగుకు పైఅంచు కొలబద్ద పెట్టి గీసినట్టు అడ్డంగా, స్పష్టంగా ఉంటుంది. ఆ అంచు రెండవ గీత మీదికి రావాలి. బోల్టు వదులు చేసి లైటును వంచి, అంచు సరిపోయాక గట్టిగా బిగించండి. పక్కలకు మళ్లించవద్దు, రెండూ నేరుగా ముందుకే చూడాలి.

ఆ రోజు మాకు గోడ మీద అంచే కనిపించలేదు. వెలుగంతా మొదటి గీతకు పైనే చిందింది. దగ్గరికి వెళ్లి చూస్తే అద్దం మీద పైభాగమని గుర్తుగా వేసిన అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. నిలబెట్టి బిగించవలసిన లైటును బంపరు కింద వేలాడదీశారు! తిప్పి బిగించగానే అంచు వచ్చింది. కొన్ని లైట్లకు ఎట్లా తిప్పినా అంచు రాదు. అవి దూరం కొట్టే స్పాట్ లైట్లు అయి ఉంటాయి, లేదా హాలోజన్ బల్బు ఉండవలసిన చోట ఎవరో ఎల్.ఇ.డి. బల్బు దూర్చి ఉంటారు. వాటిని వంచి లాభం లేదు, మార్చవలసిందే.

ఇక్కడితో పని అయిందనుకొన్నాము. కాలేదు. ఖాళీ బండికి సరిచేసిన లైటు, పాలతో నిండిన బండికి సరిపోదు. లెక్క చూడండి. 40 లీటర్ల క్యాన్లు 50 ఎక్కితే పాలే 2 టన్నులు దాటుతాయి. బరువు వెనుక పడి కమాన్లు కుంగుతాయి, ముక్కు లేస్తుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య మూడున్నర మీటర్లున్న బండి, ముందుకంటె వెనుక 7 సెంటీమీటర్లు ఎక్కువ కుంగిందంటే, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు పైకి తిరిగినట్లే. మనం కిందికి దించినదీ మీటరుకు 2 సెంటీమీటర్లే. అంటే తిరుగు ప్రయాణంలో, నిండు క్యాన్లతో వచ్చే బండి లైటు నేలను చూడనే చూడదు. ఎదుటివారి ముఖం మీదికి తిన్నగా పోతుంది. సైకిలు సభ్యుడు పడింది అటువంటి తిరుగు ప్రయాణంలోనే.

అందుచేత నిండు క్యాన్లతోనే సరిచూడాలని మా అభిప్రాయం. పాలు ఆపి ప్రయోగాలు చేయనక్కరలేదు. క్యాన్లలో నీళ్లు నింపి ఎక్కిస్తే చాలు. ఆ బరువుతో అంచు మొదటి గీతకు 15 సెంటీమీటర్ల కింద ఉండేటట్టు బిగించి, తర్వాత దించి ఖాళీగానూ చూడండి. ఖాళీ బండికి వెలుగు మరీ దగ్గరగా పడుతుంది, డ్రైవరు గొణుగుతాడు. పోయేటప్పుడు మెల్లగా పొమ్మనండి. తాను కొంచెం తక్కువ చూడటం కంటె, ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చేయడం పెద్ద తప్పు.

ఎంత మెల్లగా? లైటు ఎత్తు 60 సెంటీమీటర్లు, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు అయితే అంచు 30 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోగా సెకనున్నర పడుతుందనుకొంటే దాదాపు 17 మీటర్లు గడిచిపోతాయి. తడి రోడ్డు మీద బరువు బండి ఆగడానికి ఇంకో 15 మీటర్లు. మొత్తం 32, వెలుగు 30. గంటకు 30 కిలోమీటర్లయితే 21 మీటర్లలో ఆగుతుంది. జాతీయ రహదారి 44 మీద, మనం చాలాకాలం 7 అని పిలిచిన రోడ్డు మీదే, వెనుక లైటు లేని పసుపు ట్రాక్టరు ఆగి ఉన్నదనుకోండి. ఆ తేడా అక్కడ తెలుస్తుంది.

పసుపు రంగు అద్దం కావాలా అని చాలామంది అడుగుతారు. ఫ్రాన్సులో 1993 దాకా హెడ్‌లైట్లు కూడా పసుపు రంగులోనే ఉండేవి. అయితే మంచు బొట్లు వెలుగు తరంగాల కంటె చాలా పెద్దవి గనుక ఏ రంగునైనా దాదాపు ఒకే తీరున చెదరగొడతాయి. కంటికి హాయిగా ఉంటే వాడుకోవచ్చు, అదనపు డబ్బు మాత్రం పెట్టవద్దు.

ఆ డబ్బు తీగకు పెట్టండి. 12 వోల్టుల బండిలో 55 వాట్ల బల్బులు రెండు కలిసి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. హెడ్‌లైటు తీగకే అతికిస్తే తీగ వేడెక్కుతుంది, స్విచ్చి కాలుతుంది. బ్యాటరీ నుండి వేరే తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, గట్టి ఎర్తు ఉండాలి. మంచు విడిపోగానే లైట్లు ఆర్పివేయాలి.

ఆ సంఘంవారు సుద్ద గీతల మీద రంగు వేయించారు. బండి నిలిచే చోట ఒక రాయి పాతారు. టైర్లు, కమాన్లు మార్చినప్పుడూ, కార్తీకం వెళ్లగానే ఒకసారీ బండిని అక్కడ నిలిపి చూసి, తేదీ బండి పుస్తకంలో రాస్తున్నారు. ఇప్పుడు మేము ఓచరుతోపాటు ఆ పుస్తకమూ అడుగుతున్నాము.