మైలేజీ: చెప్పినదొకటి, వచ్చునదొకటి

ప్రశ్న: లీటరుకు 22 కిలోమీటర్లన్న పెట్రోలు కారు నంద్యాల–ఆళ్లగడ్డ రాకపోకలలో 16 దాటుట లేదు. బండిలో లోపమా? – ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: లోపమని తలంపనక్కరలేదు. కంపెనీ చెప్పు మైలేజీ అంకెకు ఆధారమగు, వాహనములను పరీక్షించు సంస్థ యైన ఏఆర్ఏఐ వారి ధ్రువీకరణ పరీక్ష, ఏసీ ఆపి, ప్రయోగశాలలో రోలర్లపై, గంటకు 90 కిలోమీటర్లు మించని వేగముతో జరుగుచు వచ్చినది గనుక, నంద్యాల మే నెల యెండలో ఏసీ వేసికొని, శ్రీనివాస సెంటరు రద్దీలో మొదటి గేరుతో ప్రాకి, ఊరు దాటగనే 40వ జాతీయ రహదారిపై నూరు తాకు వాహనమునకు ఆ యంకె దుర్లభము. గాలి నిరోధము వేగవర్గమును బట్టి పెరుగును. 80 నుండి 100కు పోయిన, అది సగమునకు పైగా హెచ్చును. డ్యాష్‌బోర్డు అంకెను వేదవాక్కుగా గొనక, ట్యాంకు నిండ పోయించి, మరల అదే బంకులో నింపించి, నడిచిన దూరమును పట్టిన లీటర్లతో భాగింపుడు. అప్పుడును పదునారు వచ్చిన, బండి బాగున్నట్లే. పండ్రెండుకు దిగినచో మెకానిక్కునకు చూపుడు.