చొక్కా విప్పని పిల్లలు

దామరచర్ల మండలంలో ఏళ్ల తరబడి పిల్లలకు ఆటలు నేర్పినవాణ్ని. మగపిల్లలున్న ఇళ్లకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు.

1. నిన్నటిదాకా కబడ్డీ కూతకు ముందుండే పిల్లాడు ఉన్నట్టుండి ఆట మానేస్తే, వాడపల్లి రేవులో చొక్కాతోనే కృష్ణలో దిగితే, భుజాలు ముందుకు వంచుకుని నడిస్తే బద్ధకమని తిట్టకండి. పక్కకు పిలిచి "ఛాతీ దగ్గర నొస్తోందా బిడ్డా?" అని అడగండి. అడిగిందే తడవుగా కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లల్ని చూశాను. తనకు కేన్సర్ వచ్చిందనో, ఆడపిల్లలా మారిపోతున్నాననో లోలోపల కుమిలిపోతుంటారు.

2. వాళ్లను భయపెట్టేది చనుమొన కింద చొక్కా గుండీ అంత గడ్డ. తాకితే నొప్పి. ఒక పక్కే రావచ్చు, రెండు పక్కలా రావచ్చు. మగపిల్లల ఒంట్లోనూ ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఉంటుంది. ఎదిగే వయసులో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పూర్తిగా పుంజుకునేలోపు కొన్నాళ్లు ఈస్ట్రోజెన్‌ది పైచేయి అవుతుంది. డాక్టర్లు దీన్ని గైనకోమాస్టియా అంటారు. సుమారు సగం మంది మగపిల్లలకు వస్తుంది, 13, 14 ఏళ్లప్పుడు ఎక్కువ. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ వయసు మగపిల్లల్లో రొమ్ము కేన్సర్ అత్యంత అరుదు.

3. గడ్డను పిండకండి. తల్లి హార్మోన్ల వల్ల పసికందుల రొమ్ములు ఉబ్బితే పాలు తీయాలని పిండే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. అలా పిండితే చీము పట్టవచ్చు. పెద్దపిల్లాడికీ పిండటాలు, పసర్లు వద్దు.

4. లావుగా ఉన్న పిల్లాడికి ఛాతీ ఉబ్బు ఉత్త కొవ్వే కావచ్చు. అప్పుడు చేతికి గడ్డ తగలదు.

5. గడ్డ రాయిలా గట్టిగా ఉన్నా, త్వరత్వరగా పెరుగుతున్నా, చనుమొన నుంచి రక్తం కారినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, ఎర్రబడి జ్వరం వచ్చినా, వృషణాల్లో గడ్డ తగిలినా, రెండేళ్లకూ తగ్గకపోయినా మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పదేళ్లలోపు పిల్లాడికి వస్తే అసలు ఆగొద్దు. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. కండల కోసం వేసుకునే స్టెరాయిడ్లతో, కొన్ని మానసిక జబ్బుల మందులతో కూడా ఇది వస్తుంది. ఈ ప్రమాద లక్షణాలు లేకుంటే సర్కారు బడికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు వచ్చినప్పుడు చూపించినా సరే. 18 ఏళ్ల వరకు చూస్తారు.

6. బడి సార్లకు ఒక మాట. ఏడో తరగతిలోనే మగపిల్లలందరినీ కూర్చోబెట్టి ఇది చెప్పండి. గేలి చేసేవాడికీ రేపో మాపో అదే రావచ్చు. బనీనుతో ఆడతానంటే ఆడనివ్వండి.