ఎవరూ లేరనుకున్న పిల్లాడు

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. శ్వేతజాతి దురహంకార ముఠాల్లో కుర్రాళ్లు ఎలా చేరతారండీ?

జవాబు: చాలామందిలో ముందు ఒంటరితనం, తర్వాతే సిద్ధాంతమండీ. ఒకప్పుడు అలాంటి ముఠాలో ఉన్న క్రిస్టియన్ పిచ్చొలీనీ సంగతే చూడండి. ఇటలీ నుంచి వలసొచ్చిన అమ్మానాన్నలు పొద్దస్తమానం పనిలోనే. 1987లో షికాగో దగ్గర బ్లూ ఐలండ్‌లో, 14 ఏళ్ల ఈ పిల్లాడు ఓ సందులో గంజాయి పీలుస్తున్నాడు. గుండు చేయించుకున్న ముఠా మనిషొకడు వచ్చి, నోట్లోంచి దాన్ని లాగేసి మందలించాడు. తనను పట్టించుకునే మనిషి దొరికాడనుకున్నాడు పిల్లాడు. అలా ముఠాలో చేరాడు. ఆ తర్వాత వాళ్ల పాటలు, బూట్లు, కొట్లాటలు. తెల్లజాతి అంతరించిపోతోందన్న భయం ఎక్కిస్తే, ఎదుటివాణ్ణి కొట్టడం ఆత్మరక్షణలా తోస్తుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఈ మెట్టే.

పెద్దయ్యాక రికార్డుల దుకాణం పెట్టాడు. అక్కడికొచ్చిన నల్లజాతివాళ్లు, యూదులు అతనితో ఆదరంగా మాట్లాడారు. రాబడిలో సింహభాగం ద్వేషపు పాటలదే అయినా, సిగ్గేసి వాటిని తీసేశాడు. దుకాణం మూతపడింది.