చిత్తవిక్షేపమును గూర్చి

పని చేయనివానిని లోకము సోమరి యని నిందించును. దినమున కిరువది పనులకుఁ జేయి సాఁచి యొక్కదానినైన ముగింపనివానిని మాత్రము తీరికలేని పెద్దమనిషి యని గౌరవించును. ఈ వ్యాసమున మేము విచారింపఁబూనినది యీ రెండవవాని వ్యాధిని గూర్చియే. సోమరితనమునకు మందు చెప్పినవారు పెక్కండ్రు గలరు. విద్యావంతులకును, సంఘసంస్కారమందు నభిలాష గలవారికిని విశేషముగా సంక్రమించు చిత్తవిక్షేపమును వ్యాధి యని గుర్తించువారే యరుదు.

పతంజలి తన యోగసూత్రముల ప్రథమపాదమునఁ జిత్తవిక్షేపములను తొమ్మిదింటిని బేర్కొనెను. దేహమునకు వచ్చు రోగము మొదటిది. చేరిన మెట్టున నిలువలేకపోవుట కడపటిది. నడుమ జాడ్యము, సంశయము, ఏమఱుపాటు మున్నగునవి యున్నవి. సోమరితనము తొమ్మిదింటిలో నొకటి మాత్రమే. వీనికిఁ బ్రతిక్రియగా నాయన విధించినది ఏకతత్త్వాభ్యాసము. ఆ యేకతత్త్వ మీశ్వరుఁడే యని కొందఱు వ్యాఖ్యాతలును, మనస్సు నిలుపుటకుఁ దగిన యే యొక్క వస్తువైన నగు నని మఱికొందఱును జెప్పిరి. ఏకేశ్వరోపాసకుల మగు మనకు మొదటి యర్థము ప్రియమైనది. అయినను రెండవదానిని ద్రోసివేయరాదు. బహుదేవతారాధనమును విడిచితి నని చెప్పుకొనుచు, ఉపాసనకుఁ గూర్చుండిన యర్ధగంటలోనే ముప్పదిమూఁడుకోట్ల వ్యవహారములకు మనస్సున నైవేద్యము పెట్టువాఁడు తాను విడిచినదేమో యొక్కమాఱు లెక్క చూచుకొనవలెను.

మనస్సు చలించుటయే మహాపరాధ మని కొందఱు సాధకులు కుంగిపోవుదురు. అంత కుంగఁ బనిలేదు. అమెరికాదేశపు మనశ్శాస్త్రవేత్త యగు విలియం జేమ్సు 1890వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథమున, ఇచ్ఛాపూర్వకమైన యవధానము కొన్ని సెకండులకు మించి యేకధారగా నిలువ దనియు, దీర్ఘావధాన మని మనము చెప్పుకొనునది తొలఁగిన మనస్సును మరల మరల వెనుకకుఁ దెచ్చుకొనుటయే యనియు వ్రాసెను. గీతయం దాఱవ యధ్యాయమునఁ జెప్పిన యభ్యాసమునకును దీనికిని దూర మంతగా లేదు. మరలివచ్చుట యిట్లు ప్రయాసతోఁ గూడిన పని యైనప్పుడు, వెలుపలినుండి కలుగు ప్రతివిఘ్నమును మన కొక క్రొత్త ప్రయాసను దెచ్చిపెట్టుచున్న దని తేలుచున్నది.

మా వృత్తినుండి యొక నిదర్శనము చూపుదుము. న్యాయవాది యొకఁడు క్రయదస్తావేజులోని చెక్కుబందులను జదువుచున్నాఁ డనుకొనుఁడు. తూర్పు చదివెను, దక్షిణము చదివెను. పడమటికి వచ్చునంతలో గుమాస్తా వచ్చి మఱియొక వ్యాజ్యపు వాయిదాను గూర్చి యడిగెను. బదులు చెప్పి కాగితమువైపు తిరిగినప్పుడు కన్ను ఉత్తరపు హద్దుమీఁద వ్రాలును. పడమరయుఁ జదివితి నను భ్రాంతి మనస్సునకుఁ గలుగును. జరిగిన విఘ్న మర్ధనిమిషము మాత్రమే. కాని యా పడమటి హద్దున నొక కాలిబాట యుండి, దానిమీఁదఁ బొరుగువానికి నడక హక్కు ఉండినచో, కక్షిదారుఁడు సంవత్సరములతరబడి న్యాయస్థానముచుట్టుఁ దిరుగవలసివచ్చును. గుమాస్తా యడిగినది యుచితమైన ప్రశ్నయే. అడిగిన వేళయే యుచితము కాదు. గుమాస్తా కా వేళ నేర్పవలసినవాఁడు యజమానుఁడు గదా!

అరుగుమీఁది కాలక్షేపము, చీట్లాట, వక్కాకు తిత్తి చుట్టును సాగు లోకాభిరామాయణము: వీనిని గూర్చి యధికముగా వ్రాయ నక్కఱలేదు. చదువరు లెఱిఁగినవే. వార్తాపత్రికలను జదువవల దని మేము చెప్పము. సంస్కారపక్షమువారి నోట నా మాట శోభింపదు. రాజా రామమోహనరాయలవారు 1821వ సంవత్సరమున సంవాదకౌముదిని, 1822వ సంవత్సరమున మీరాతుల్ అఖ్బారును వెలువరించినవారే. కాని యుదయమునఁ జదివిన వార్తనే మధ్యాహ్నము కచేరిలోను, సాయంకాలము వీధియరుగుమీఁదను, రాత్రి భోజనమువేళను జర్వితచర్వణము చేయుట పత్రికాపఠన మనిపించుకొనదు.

వీని యన్నిటికంటె నపాయకరములైనవి మంచిపనుల వేషమున వచ్చు విక్షేపములు. బాలికాపాఠశాల కార్యవర్గమున సభ్యత్వము, గ్రంథాలయమునకుఁ జందాల పట్టిక, వర్ధంతిసభలో నధ్యక్షోపన్యాసము, ఇరుగుపొరుగువారి తగవులో మధ్యవర్తిత్వము: ఒక్కొక్కటియు మంచిదే. అన్నిటికిని సరే యన్నవాఁడు మాత్రము దేనికిని దక్కఁడు. రాత్రిపాఠశాలను దెఱచిననాఁడు పూలదండలు వేయించుకొన్నవారు పదుగు రుందురు. ఆఱవ నెలలో నుపాధ్యాయుని జీతము బాకీపడిన దని కబురు వచ్చినపుడు, ఆ పదుగురును మఱియొక పాఠశాల ప్రారంభోత్సవమున కేఁగియుందురు. బాకీ తీరక పాఠశాల మూతపడినచో నచ్చట నక్షరములు దిద్దుచుండిన కూలివాండ్ర బిడ్డలకు మన సభలవలనఁ గలిగిన లాభ మేమి? ఒక సంవత్సరమున కొక్క పనిని జేపట్టి, తక్కినవారికి వినయముతో లే దని చెప్పఁగల ధైర్యము మనలోఁ జాలమందికి లేదు. మొగమాటము సౌజన్య మని యెంచుకొనుచున్నాము.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు 1863వ సంవత్సరమున బోలుపూరు సమీపమున నిరువది బిఘాల భూమిని సంపాదించి, సప్తపర్ణవృక్షముల నీడను ధ్యానమునకుఁ దగిన తావుగాఁ జేసికొనిరి. అట్టి మైదానము మన కందఱకును లభింపదు. మనకుఁ జిక్కునది యింటిలో నొక మూల మాత్రమే. ఆ మూల నిశ్శబ్దముగా నుండుటకు నింటిలో నెవ్వరో పాటుపడుచుండవలెను. ఆ పాటుపడువా రెవ్వ రని మన మెన్నఁడైన నడిగితిమా?

కందుకూరి వీరేశలింగము పంతులుగారు నూఱింటికి మించిన గ్రంథములు రచించి, పత్రికలు నడిపి, వితంతువివాహములు జరిపించిరి. ఆయన కార్యదీక్షను మనము తఱచుగాఁ గొనియాడుదుము. రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని మొదటి వితంతువివాహము జరిగిన కాలమున, కట్టుబాటునకు వెఱచి వంటవారును నీళ్లవారును దొలఁగిపోఁగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీళ్లు మోసికొనివచ్చి వంట చేసిరి. పంతులుగారి యేకాగ్రతను గూర్చి వ్రాయువా రా బిందెలను గూర్చియు వ్రాయవలెను.

వంగదేశమున రాససుందరీదేవి యను గృహిణి యుండెను. ఆమె పండ్రెండుగురు బిడ్డల తల్లి. చైతన్యభాగవతమునుండి యొక పత్రమును విడఁదీసి వంటయింటిలో దాఁచుకొని, కుమారుఁ డక్షరములు దిద్దిన తాటియాకుతోఁ బోల్చి చూచుకొనుచు నెవ్వరికిని దెలియకుండఁ జదువ నేర్చుకొనెను. ఆ పత్రమును జూచుకొనుటకుఁ గూడఁ దీరిక దొరకుట దుర్లభముగా నుండె నని యామెయే వ్రాసికొనెను. వంగభాషలో స్త్రీ రచించిన యాత్మకథలలో మొదటిదిగా నెన్నఁబడు 'ఆమార్ జీబన్' ఆమె వ్రాసినదే.

ఆమె పట్టుదలను మెచ్చుకొనుట సులభము. కాని మన యిండ్లలోఁ బుస్తకము చేతఁబట్టిన భార్యను, కోడలిని, కుమార్తెను నెన్నిమాఱులు పిలుచుచున్నాము? ఒకమాఱు మంచినీళ్లకు, ఒకమాఱు కాఫీకి, ఒకమాఱు మన ముక్కుమీఁదనే యున్న కళ్లజోడు కనఁబడ దని. మన చదువునకుఁ బని యనియు, వారి చదువునకుఁ గాలక్షేప మనియుఁ బేరు పెట్టితిమి గనుక, మొదటిదానికి భంగము కలిగించుట యపరాధమును, రెండవదానికి భంగము కలిగించుట గృహధర్మమును నైనవి. స్త్రీవిద్యకై వేదికలమీఁద వాదించు మేమును మీరును విచారింపవలసిన దిది.

కాఁబట్టి యేకాగ్రతను అభ్యసింపఁదలఁచినవారికి మే మొక్క యేర్పాటును సూచింతుము. దినమునకు రెండు గడియలు, అనఁగా 48 నిమిషములు, ఇంటిలోని ప్రతివారికిని విఘ్నము లేని కాలముగా నేర్పఱుపవలెను. ఏ వేళ యనుకూలమో ముందుగా స్త్రీలు కోరుకొనవలెను. మిగిలిన వేళలలోఁ బురుషులు తమది యేర్పఱుచుకొనవలెను. ఉత్తరములను, పత్రికను, వచ్చిపోవువారిని వేఱొక వేళకుఁ బెట్టుకొనవచ్చును. మొదటి దినములలో మనస్సు పదిమాఱులు గడియారమువైపు పోవును. పదిమాఱులు తీసికొనివచ్చుటయే యా దినమునకు సాధన. స్త్రీలు కోరుకొన్న రెండు గడియలలో వీధితలుపు చప్పుడైనచో, వచ్చినవారికిఁ గుర్చీ చూపి మంచినీళ్లు మనమే తెచ్చి యియ్యవలెను. చెం బెచ్చట నుండునో ముందుగానే తెలిసికొని యుండుట మంచిది.